జపాన్ పెద్దల పండగ: మూడు పేర్లు, రెండు తేదీలు, సగం మరిచిన ఒక మాట

2003 సెప్టెంబర్ 15 సోమవారం. ఆ రోజు జపాన్ అంతటా ‘కేరో నో హి’ సెలవు. ‘కేరో’ అంటే పెద్దల్ని గౌరవించడం, ‘హి’ అంటే రోజు. 1966 నుంచి ఏటా అదే తేదీన వస్తున్న సెలవే కాబట్టి ఎవరికీ పెద్దగా తేడా కనిపించలేదు. నిజానికి చట్టం మారింది ఆ ఏడాదే. సెప్టెంబర్ 15 అన్న ఖాయమైన తేదీ పోయి, సెప్టెంబర్‌లో మూడో సోమవారం అన్న లెక్క వచ్చింది. తొలి ఏడు ఆ మూడో సోమవారం సరిగ్గా 15నే పడింది. మరుసటి ఏడు సెలవు 20కి జరిగినప్పుడు గానీ మార్పు సంగతి జనానికి తట్టలేదు.

అయితే 15వ తేదీ పూర్తిగా చెరిగిపోలేదు. దాన్ని ఇంకో చట్టం పట్టుకుని ఉంచింది. వృద్ధుల సంక్షేమ చట్టం ప్రకారం ఇప్పటికీ సెప్టెంబర్ 15 ‘రోజిన్ నో హి’, అంటే వృద్ధుల రోజు. అక్కడి నుంచి 21 దాకా వృద్ధుల వారం. దానికి సెలవు లేదు. సెలవేమో సోమవారానిది. అంటే పెద్దల పేరుతో జపాన్‌లో ఏటా రెండు రోజులున్నాయి. ఒకటి కాలెండర్‌లో ఎర్ర అంకె, రెండోది చట్టం పుస్తకంలో ఒక వాక్యం. కొన్నేళ్లలో రెండూ ఒకే రోజున పడతాయి, ఎక్కువ ఏళ్లలో పడవు.

ఈ చిక్కు ఎలా పడిందో తెలియాలంటే సెలవులేవీ లేని ఒక చిన్న ఊరికి వెళ్లాలి.

హ్యోగో రాష్ట్రం కొండల మధ్య నోమతాని అనే గ్రామం ఉండేది. ఇప్పుడది తాకా పట్టణంలో కలిసిపోయింది. 1947లో ఆ ఊరి పెద్ద కడొవకి మసావొ. ఊరి పెద్ద అన్నానే గానీ ఆయనకప్పటికి నలభై కూడా నిండలేదు. యుద్ధం ముగిసి రెండేళ్లే అయింది. కొడుకుల్ని యుద్ధానికి పంపి పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఇంటింటా ఉన్నారు. నిన్నటిదాకా నమ్మినవన్నీ తప్పని చెబుతున్న కాలం. తమ జీవితం దేనికి పనికొచ్చిందో తెలియక ఆ తరం కుంగిపోయి ఉంది. కడొవకి వాళ్లందరినీ ఒకచోటికి పిలిచి సభ పెట్టాడు. నడవలేనివారిని మూడు చక్రాల బండ్లమీద తీసుకొచ్చారు. భోజనం పెట్టి, ఆటపాటలతో ఆ పూట గడిపారు.

పిలుపు అందింది 55 ఏళ్లు దాటినవారికి. ఈ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇవాళ 55 ఏళ్ల మనిషిని వృద్ధుల సభకు రమ్మంటే నొచ్చుకుంటారు. కానీ 1947లో జపాన్ సగటు ఆయుర్దాయం మగవారికి 50, ఆడవారికి 54 ఏళ్లు. పసితనంలో పోయిన పిల్లలు ఆ సగటును కిందికి లాగారన్నది నిజమే. అయినా 55 దాటడమంటే అప్పట్లో ఒక గట్టు ఎక్కినట్టే. 2024 లెక్కలో అదే ఆయుర్దాయం మగవారికి 81, ఆడవారికి 87. పండగ పేరు మారిందనీ తేదీ మారిందనీ చెప్పుకుంటాం గానీ, అసలు మారింది ఈ అంకె.

కడొవకి ఆ సభను పిలుస్తూ చెప్పిన మాటను నోమతాని ఊరు మరిచిపోలేదు. దాన్ని మన మాటల్లో చెబితే ఇలా ఉంటుంది: పెద్దల్ని బాగా చూసుకుందాం, వాళ్ల తెలివిని అరువు తెచ్చుకుని ఊరు కట్టుకుందాం. ఇందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది మనం పెద్దలకు ఇచ్చేది. రెండోది పెద్దల దగ్గర మనం పుచ్చుకునేది. జపనీయుల నానుడిలో తెలివిని ‘అరువు తీసుకుంటారు’. అరువు అన్నాక ఇచ్చేవారు పైచేయి, పుచ్చుకునేవారు కిందిచేయి. యుద్ధంలో బిడ్డను పోగొట్టుకుని కూర్చున్న మనిషికి అన్నం పెట్టడం కంటే, ‘నీ దగ్గర మాకు కావలసినది ఒకటుంది’ అని చెప్పడం పెద్ద ఓదార్పు. ఆ యువ గ్రామపెద్దకు ఆ సంగతి తెలుసు. ఈ పండగ చరిత్రంతా ఈ రెండు ముక్కల్లో మొదటిదాన్ని పెంచుకుంటూ, రెండోదాన్ని జారవిడుచుకుంటూ పోయిన కథగా నాకు కనిపిస్తుంది.

మరి 15వ తేదీయే ఎందుకు? దీనికి ప్రచారంలో రెండు అందమైన కథలున్నాయి. ఒకటి గిఫు రాష్ట్రంలోని యోరో జలపాతానిది. కట్టెలు కొట్టుకునే ఒక పేదవాడు ముసలి తండ్రి కోసం తపించిపోతే, అతని భక్తికి మెచ్చి జలపాతం నీరు సాకే మద్యంగా మారిందట. 717లో గెన్షో అనే మహారాణి ఆ నీటిని చూడడానికి వచ్చి, తన పాలనా శకానికే ‘యోరో’ అని పేరు మార్చింది. ఆ మాటకు అర్థం ముసలివారిని పోషించడం. శకం పేరు మార్చడం చరిత్ర, మద్యం సంగతి జానపదం. రెండో కథ ఒసాకాలోని షితెన్నోజి ఆలయానిది. షోతొకు రాకుమారుడు దిక్కులేనివారికి అక్కడ ఆశ్రయం కట్టించిన రోజు అదేనంటారు. రెండూ వినడానికి బాగుంటాయి. కానీ నోమతానిలో తేదీని నిర్ణయించింది పొలం పని. సెప్టెంబర్ మధ్యలో ఎండ తగ్గుతుంది, వరి కోతలకు ఇంకా వ్యవధి ఉంటుంది, ఊరికి కాస్త తీరిక దొరుకుతుంది. రైతు కుటుంబంలో పుట్టినవారెవరికైనా ఈ కారణమే ముందు నచ్చుతుంది.

మరుసటి ఏడు, 1948లో, కొత్త రాజ్యాంగం నీడలో జాతీయ సెలవుల చట్టం వచ్చింది. అందులో పిల్లల రోజు ఉంది. యవ్వనంలో అడుగుపెట్టినవారి రోజు ఉంది. పెద్దలకే ఏమీ లేదు. కడొవకి దాన్ని ఊరికే వదల్లేదు. చుట్టుపక్కల ఊళ్లకూ రాష్ట్ర ప్రభుత్వానికీ చెబుతూ పోయాడు. 1950లో హ్యోగో రాష్ట్రం ‘తొషియోరి నో హి’ మొదలుపెట్టింది. 1951లో అది దేశమంతటికీ పాకింది. 1963లో వృద్ధుల సంక్షేమ చట్టం వచ్చాక పేరు ‘రోజిన్ నో హి’ అయింది. 1966లో జాతీయ సెలవుగా మారినప్పుడు ‘కేరో నో హి’ అని స్థిరపడింది.

మూడు పేర్ల వెనక ఒక చిన్న గొడవ ఉంది. అది మనకు బాగా అర్థమయ్యే గొడవే. ‘తొషియోరి’ అంటే ఏళ్లు పోగుపడినవారు అని. మనం ‘ఏళ్లు మీదపడ్డాయి’ అంటామే, దాదాపు అదే. ఆ మాటకు పూర్వం గొప్ప హోదా ఉండేది. షోగున్లనే సైనిక పాలకుల కాలంలో పాలన చూసే పెద్దలకు ఆ బిరుదు ఉండేది. ఇప్పటికీ సుమో కుస్తీ సంఘంలో, పోటీల నుంచి తప్పుకుని కుర్రవాళ్లను తయారుచేసే మాజీ మల్లుల్ని తొషియోరి అనే అంటారు. వాళ్లలో ముప్పైల వయసువారూ ఉంటారు. అంటే అది వయసు పేరు కాదు, పెద్దరికం పేరు. కానీ వాడుకలో ఆ మాట నలిగి ‘ముసలాళ్లు’ అన్న చప్పుడు తెచ్చుకుంది. మర్యాదగా లేదన్నారు. ‘రోజిన్’ అన్నారు. మన ‘వృద్ధులు’ లాంటి కాగితం మాట అది. అదీ కొందరికి నచ్చలేదు. చివరికి మనిషి పేరే తీసేసి, చేయవలసిన పనిని, అంటే గౌరవించడాన్ని, పేరుగా పెట్టారు. ముసలి, వృద్ధుడు, వయోధికుడు, సీనియర్ సిటిజన్ అంటూ మనమూ నడిచిన దారే ఇది. పేరు మార్చిన ప్రతిసారీ పాత పేరుకున్న బరువు కొన్నాళ్లకు కొత్త పేరు మీదికి ఎక్కుతుంది. ‘పెద్దలు’ అన్న తెలుగు మాట ఒక్కటే ఇంకా వయసునూ గౌరవాన్నీ కలిపి మోస్తోందని నా అభిప్రాయం.

జాతీయ సెలవుల చట్టం ఈ రోజు గురించి ఒకే వాక్యం రాసింది. ఏళ్ల తరబడి సమాజానికి పాటుపడిన వృద్ధుల్ని ప్రేమగా గౌరవించి, వారి దీర్ఘాయుష్షును వేడుక చేసుకోవాలని దాని సారాంశం. జాగ్రత్తగా చదవండి. ‘పాటుపడిన’ అన్నది గతం. తెలివి అరువు తీసుకోవడం గురించి అందులో మాట లేదు. నోమతాని నినాదంలో రెండో సగం చట్టంలోకి ఎక్కలేదు.

ఇక సోమవారం సంగతి. 1990ల చివర్లో జపాన్ కొన్ని సెలవుల్ని సోమవారాలకు జరుపుతూ చట్టం చేసింది. శని, ఆది, సోమ కలిసి మూడు రోజులు వస్తే జనం ప్రయాణాలు చేస్తారు, ఖర్చు పెడతారు, ఆర్థిక వ్యవస్థ కదులుతుందన్నది ఆలోచన. ముద్దుగా ‘హ్యాపీ మండే’ అన్నారు. పెద్దల రోజును కూడా ఆ జాబితాలో చేర్చగానే వృద్ధుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. యాభై ఏళ్లుగా ఒక తేదీకి అలవాటుపడ్డవారికి, ఆ తేదీని ఇతరుల విహారం కోసం జరపడం నచ్చలేదు. రాజీగా వృద్ధుల సంక్షేమ చట్టాన్ని సవరించి 15ను ‘రోజిన్ నో హి’గా నిలబెట్టారు. రెండు తేదీల రహస్యం అంతే.

మూడో సోమవారం వల్ల ఇంకో తమాషా జరుగుతుంది. సెప్టెంబర్ 22, 23 ప్రాంతంలో, పగలూ రాత్రీ సమానమయ్యే శరద్ విషువత్తు సెలవు ఉంటుంది. రెండు సెలవుల మధ్య ఒకే పనిదినం చిక్కుకుంటే అదీ సెలవే అవుతుందని అక్కడి చట్టం. విషువత్తు బుధవారం పడితే మంగళవారం కూడా కలిసి శని నుంచి బుధ దాకా అయిదు రోజులు. దీన్ని ‘సిల్వర్ వీక్’ అంటారు. 2009లో, 2015లో వచ్చింది, 2026లో మళ్లీ పడుతోంది. కొడుకూ కోడలూ పిల్లలతో ఊరికి వచ్చి తాతనూ నానమ్మనూ చూడడానికి అయిదు రోజులు చాలినంత సమయం. విహారానికి ఉత్తరాది హోక్కైడో దీవికి విమానం ఎక్కడానికీ చాలినంత సమయమే.

‘సిల్వర్’ అన్న మాట దగ్గర ఒక చిన్న పక్కదారి. 1973 సెప్టెంబర్ 15న, సరిగ్గా పెద్దల రోజున, జపాన్ జాతీయ రైల్వే టోక్యోలోని చువో మార్గంలో వృద్ధులకూ వికలాంగులకూ ప్రత్యేక సీట్లు పెట్టింది. వాటిని వేరుగా చూపించడానికి వేరే రంగు గుడ్డ కావాలి. బుల్లెట్ రైలు సీట్లకు వాడే వెండి బూడిద రంగు గుడ్డ చేతిలో ఉంది. అదే తొడిగారు, ‘సిల్వర్ సీట్’ అన్నారు. ఆ గుడ్డ రంగే తర్వాత జపాన్‌లో వృద్ధాప్యానికి మారుపేరైంది. వయసు మళ్లినవారికి చిన్న పనులు చూపించే కేంద్రాల పేర్లలో అదే మాట. వాళ్ల ఓట్ల బలం పాలనను తమవైపు లాగుతోందని విమర్శించేవారి నోటా ‘సిల్వర్ ప్రజాస్వామ్యం’ అని అదే మాట.

అసలు వెండి కూడా ఈ పండగలో ఉంది. 1963 నుంచి నూరేళ్లు నిండుతున్న ప్రతి ఒక్కరికీ ప్రధానమంత్రి అభినందన పత్రంతో పాటు ఒక వెండి పానపాత్ర పంపుతున్నారు. సాకే తాగే చిన్న పళ్లెంలా ఉంటుంది. ఆ ఏడాది దేశం మొత్తంమీద నూరేళ్లు దాటినవారు 153 మంది. ఒక పెళ్లి పందిట్లో కూర్చోబెట్టగలిగేంత మంది. 1981లో వాళ్లు వెయ్యి దాటారు, 1998లో పది వేలు, 2012లో యాభై వేలు. 2025 సెప్టెంబర్‌లో ఆరోగ్య శాఖ ప్రకటించిన లెక్క 99,763. అందులో దాదాపు 88 శాతం స్త్రీలు. పాత్ర కూడా ఈ అంకెల వెంటే నడిచింది. 2009లో దాని సైజు తగ్గించారు. 2016 నుంచి అచ్చ వెండి మానేసి వెండి పూత పెట్టిన లోహంతో చేయిస్తున్నారు, ఖర్చు సుమారు సగానికి తగ్గింది. ఇది పీనాసితనమని నేననను. ఏటా దాదాపు 50,000 మందికి ఇవ్వవలసి వస్తే ఏ ఖజానా అయినా తూకం చూసుకుంటుంది. కానీ ఆ పాత్ర అరుదైనదానికి ఇచ్చే బహుమతిగా పుట్టింది. నూరేళ్లు అరుదు కాకపోవడమే జపాన్ గెలుపు. గెలిచిన కొద్దీ బహుమతి పలచబడింది.

ఈ లెక్కల మీద ఒకసారి పెద్ద నీడ పడింది. 2010 జూలైలో టోక్యోలో 111 ఏళ్ల వృద్ధుడని కాగితాల్లో ఉన్న ఒకాయన్ను అభినందించడానికి అధికారులు ప్రయత్నిస్తే, ఆయన సుమారు 30 ఏళ్ల క్రితమే ఇంట్లోనే చనిపోయినట్టు తేలింది. దేశమంతా వెతుకులాట మొదలైంది. కుటుంబ నమోదు పుస్తకాల్లో నూరేళ్లు దాటి, చిరునామా తెలియనివారు 2,30,000 మందికి పైగా ఉన్నారని న్యాయశాఖ చెప్పింది. దాంతో జపాన్ దీర్ఘాయువంతా దొంగలెక్కేనన్న మాట పుట్టింది. ఇప్పటికీ ఇంటర్నెట్‌లో అది తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ రెండు పుస్తకాలు కలగలిసిపోయాయి. కుటుంబ నమోదు పుస్తకంలో, చనిపోయినట్టు ఎవరైనా చెబితేనే పేరు కొడతారు. యుద్ధంలో చెదిరిపోయినవారు, విదేశాలకు వలసపోయినవారు అందులో అలాగే మిగిలిపోయారు. సెప్టెంబర్‌లో ప్రకటించే నూరేళ్లవారి సంఖ్య దాని నుంచి రాదు, నివాస నమోదు నుంచి వస్తుంది. కాబట్టి ఆ 2,30,000 మంది ఈ లెక్కలో ఎప్పుడూ లేరు. మోసాలు జరగలేదని కాదు. కానీ నన్ను కలిచివేసింది మోసం కాదు. ఒక మనిషి ఉన్నాడో లేడో ముప్పై ఏళ్లు ఇరుగుపొరుగుకు తెలియకపోవడం.

మరి పెద్దవారు కావడానికి ఏ వయసు? ఇదే అన్నిటికంటే గట్టి ముడి. సంప్రదాయం చెప్పే లెక్క అందంగా ఉంటుంది. 60 నిండితే ‘కన్‌రెకి’, అంటే కాలచక్రం తిరిగి రావడం. మన ప్రభవ, విభవల్లాగే చైనా నుంచి వచ్చిన వారి పంచాంగంలోనూ 60 ఏళ్లకొక చుట్టు. మనం షష్టిపూర్తి చేసుకున్నట్టే వారూ చేసుకుంటారు. అయితే వాళ్లు మళ్లీ పెళ్లి చేయరు, పసిపాపకు తొడిగినట్టు ఎర్రటి చేతుల్లేని చొక్కా తొడుగుతారు. చుట్టు పూర్తయింది, మళ్లీ పుట్టావని అర్థం. 77, 88, 99లకు అక్షరాల ఆట ఉంది. ‘సంతోషం’ అనే అక్షరాన్ని గొలుసుకట్టుగా రాస్తే 77లా కనిపిస్తుంది. ‘బియ్యం’ అక్షరాన్ని విడదీస్తే 88 అవుతుంది. ‘వంద’ అక్షరంలోంచి పైనున్న ‘ఒకటి’ గీత తీసేస్తే ‘తెలుపు’ మిగులుతుంది, అందుకే 99 తెల్లని ఆయుష్షు. ఒకినావాలో 97వ ఏట కజిమయా చేస్తారు. చేతిలో గాలి చక్రాలతో, అలంకరించిన బండిమీద ఊరేగిస్తారు. ఆ మాటకు అర్థమే గాలి చక్రం. పసివాళ్ల ఆటబొమ్మ పట్టుకుని ఊరంతా ఎదురొస్తుంది.

ప్రభుత్వపు లెక్క ఇంత అందంగా ఉండదు. గణాంకాల్లో 65 దాటితే వృద్ధులు. 1950లో వాళ్లు జనాభాలో 5 శాతం కూడా లేరు. 2025లో 3 కోట్ల 60 లక్షలు దాటి, 29.4 శాతం అయ్యారు. వైద్య బీమాలో 75 దగ్గర ఇంకో గీత ఉంది. 2008లో ఆ విభాగానికి ‘మలి దశ వృద్ధులు’ అని అర్థం వచ్చే పేరు పెట్టి, దేశమంతటా తిట్లు తిన్నారు. ఉద్యోగ చట్టం ఇంకో దారి. అడిగినవారిని 65 దాకా పనిలో ఉంచాలి, 70 దాకా ఉంచడానికి యాజమాన్యాలు ప్రయత్నించాలి. 2017లో వృద్ధాప్య వైద్య నిపుణుల సంఘం, అసలు 75 దాటితేనే వృద్ధులందాం, 65 నుంచి 74 దాకా ఉన్నవారిని ఆ ముందు మెట్టు అందాం అని ప్రతిపాదించింది. శరీర బలం చూస్తే అది సబబే. కానీ ఆ గీత జరిగితే పింఛను గీత కూడా వెనకే జరుగుతుందేమోనని సామాన్యుల భయం. వాళ్లనూ తప్పు పట్టలేం. 65 దాటినవారిలో నలుగురికి ఒకరు ఇప్పటికే పనిచేస్తున్నారు. ఇష్టంతో చేసేవారూ ఉన్నారు, పింఛను చాలక చేసేవారూ ఉన్నారు.

గౌరవసభలు కూడా ఈ ఒత్తిడికి లొంగాయి. చాలా ఊళ్లలో పిలిచే వయసును 70 నుంచి 75కు, 80కి పెంచుకుంటూ పోయారు. ఏటా ఇచ్చే కానుక డబ్బును కొన్నిచోట్ల 77, 88, 99 వంటి ముఖ్యమైన ఏళ్లకే పరిమితం చేశారు. బడిపిల్లలు వచ్చి పాడతారు, ఎర్ర చిక్కుళ్లతో వండిన అన్నం డబ్బాల్లో పెట్టి ఇస్తారు. మనసున్నవారే చేస్తారు. కానీ ఆ సభలో పెద్దవారి పని కూర్చోవడం, పుచ్చుకోవడం, చప్పట్లు కొట్టడం.

చూసుకోవడం అనే మొదటి సగాన్ని జపాన్ చిన్నచూపు చూసిందని మాత్రం అనలేం. 2000 ఏప్రిల్‌లో మొదలైన సంరక్షణ బీమా కింద 40 దాటిన ప్రతి ఒక్కరూ రుసుము కడతారు. 65 దాటాక అవసరాన్ని బట్టి ఏడు స్థాయిల్లో ఇంటికి సహాయకులు వస్తారు, పగటి కేంద్రాలకు తీసుకెళతారు. ఖర్చులో చాలామంది భరించేది పదో వంతు. కోడళ్ల భుజాలమీద మాత్రమే ఉన్న బరువును సమాజం పంచుకుంది. ఇది పెద్ద పనే. అయినా 2024లో ఇంట్లో ఒంటరిగా చనిపోయి పోలీసుల లెక్కకెక్కినవారు సుమారు 76,000 మంది, అందులో 65 దాటినవారు 58,000 పైచిలుకు. సేవ అందించడం బీమాకు చేతనవుతుంది. ‘నీతో నాకు పనుంది’ అని తలుపు కొట్టే మనిషిని అది పంపలేదు.

ఆ తలుపు కొట్టే పద్ధతి ఎలా ఉంటుందో షికొకు ద్వీపంలోని కమికత్సు చూపించింది. తొకుషిమ రాష్ట్రంలో కొండల నడుమ ఉన్న చిన్న ఊరు, జనాభాలో సగానికి పైగా 65 దాటినవారే. 1981 చలికి అక్కడి నారింజ జాతి తోటలు చచ్చిపోయాయి. వ్యవసాయ సహకార సంఘంలో పనిచేసే యొకొఇషి తొమొజి అనే యువకుడు ప్రత్యామ్నాయం వెతుకుతూ, జపాన్ భోజనశాలల్లో పళ్లేల పక్కన అలంకరణకు పెట్టే ఆకుల్ని గమనించాడు. మేపుల్ ఆకు, వెదురాకు, ఆల్‌బుకారా జాతి పూల కొమ్మ. 1986లో ఊళ్లోని పెద్దావిడల చేత వాటిని కోయించి అమ్మించడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆకులమ్మడమేమిటని ఊరు నవ్వింది. ఇప్పుడు 300కు పైగా రకాలు ఆ ఊరి నుంచి దేశమంతటికీ వెళతాయి. డెబ్బై, ఎనభై ఏళ్ల ఆడవాళ్లు పొద్దున్నే ట్యాబ్లెట్ తెరచి, ఏ మార్కెట్‌కు ఏ ఆకు ఎంత కావాలో చూసి, ముందు ఎవరు నొక్కితే వారిదే ఆ ఆర్డరు కాబట్టి పోటీపడి అందుకుని, కత్తెర పట్టుకుని కొండెక్కుతారు.

ఈ పనికి వాళ్లు కావలసింది జాలి వల్ల కాదు. జపాన్ వంటలో పళ్లెం మీది ఆకు, బయటి ఋతువు కంటే ఒక అడుగు ముందు నడవాలి. ఎండ తగలని ఏ లోయలో చెట్టు ముందుగా ఎర్రబడుతుందో, వాన పడిన మర్నాడు ఏ ఆకు మచ్చ పడకుండా ఉంటుందో, ఏ కొమ్మను ఎక్కడ తుంచితే వచ్చే ఏడు మళ్లీ చిగురిస్తుందో ఆ కొండమీద అరవై ఏళ్లు తిరిగినవారికే తెలుసు. యొకొఇషికి తెలియదు. అడగడానికే ఆయన వాళ్ల ఇళ్లకు వెళ్లాడు.